జగిత్యాల అడ్డా, దోహా సైటు: ఒక రాడ్ బెండింగ్ కార్మికుడి గంట లెక్క

గల్ఫ్‌కు పోయేవాళ్లకూ, తిరిగొచ్చినవాళ్లకూ కాగితాలు చూసిపెట్టే పని నాది. కాంట్రాక్టు చదివి చెప్పడం, ఏజెంటు చెప్పిన మాటకూ కాగితం మీదున్న మాటకూ తేడా చూపించడం, రావలసిన బాకీలకు అర్జీ రాసివ్వడం రోజువారీగా చేసేవి. వచ్చినవాళ్లలో పదికి తొమ్మిది మంది అడిగేది ఒకటే: "సార్, పోతే లాభమేనా?"

చాలాకాలం ఈ ప్రశ్నకు నెల జీతాలు పక్కపక్కన పెట్టి జవాబు చెప్పాను. అది ఎంత లోపభూయిష్టమో నాకు తెలియజెప్పిన కేసు ఇది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. పేర్లు మార్చాను, కంపెనీని, ఏజెంటును గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు మాత్రం వాళ్ల నోటుబుక్కులోవే.

2022 ఫిబ్రవరి: కేసు నా దగ్గరికి వచ్చినప్పుడు

రాజేశానికి అప్పుడు 34 ఏళ్లు. జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. ఏడో తరగతితో చదువు ఆగింది. పదమూడేళ్లుగా రాడ్ బెండింగ్ పని. స్లాబులకు, పిల్లర్లకు ఇనుప చువ్వలు వంచి, బైండింగ్ వైరుతో కట్టడం. భార్య జమున బీడీలు చుడుతుంది. ఇద్దరు పిల్లలు. అర ఎకరం పొలం ఉంది.

ఖతర్‌కు వీసా వచ్చిందని ఏజెంటు చెప్పాడు. "నెలకు పద్దెనిమిది వందల రియాళ్లు. మన పైసల్ల ముప్పై ఎనిమిది వేలు. తిండి, రూము అన్నీ కంపెనీదే." రాజేశానికి అడ్డా మీద, అంటే మేస్త్రీలు కూలీలను పనికి పిలుచుకుపోయే చోట, నెలకు వచ్చేది సగటున పదిహేను వేలు. రెండున్నర రెట్లు! ఎవరికైనా ఆశ పుట్టే అంకె. ఏజెంటు అడిగింది లక్షా పదివేలు.

రాజేశం పదో తరగతి పాసు కాలేదు కాబట్టి అతనిది ఈసీఆర్ పాస్‌పోర్టు. అంటే ఖతర్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ఇమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, ఆ కాంట్రాక్టు ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-మైగ్రేట్‌లోకి ఎక్కాలి. ఇది అతనికి ఇబ్బందిగా తోచింది కానీ నిజానికి రక్షణ. ఆ దారిన పోయాడు కాబట్టే కాంట్రాక్టు నా చేతికొచ్చింది, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల ప్రమాద బీమా కూడా వచ్చింది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద పోయినవాడికి ఇవేవీ ఉండవు.

కాంట్రాక్టులో పద్దెనిమిది వందలు ఎక్కడా లేదు. బేసిక్ 1,200 రియాళ్లు, తిండికి 300. రూము కంపెనీది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. మొత్తం 1,500. మరి ఏజెంటు చెప్పిన పద్దెనిమిది వందలు ఎక్కణ్నుంచి వచ్చాయి? లెక్క కట్టి చూస్తే తెలిసింది. 1,200ను ముప్పై రోజులతో, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 5 రియాళ్లు. ఖతర్ కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైముకు (ఓటీకి) కనీసం పావు వంతు ఎక్కువ ఇవ్వాలి, అంటే 6.25. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులకు 52 గంటలు, 325 రియాళ్లు. మొత్తం 1,825. ఏజెంటు అబద్ధం చెప్పలేదు. ఓటీ నెలనెలా, పూర్తిగా, చట్టం ఒప్పుకునే చివరి గంట దాకా దొరుకుతుందన్న ఊహను జీతంగా చెప్పాడు. ఓటీతో కలిపి రోజుకు పది గంటలు దాటకూడదన్నది అక్కడి చట్టం. అతని లెక్క సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంది.

ఇక్కడే నా తప్పు జరిగింది. తిండి ఖర్చు 300 తీసేయమని చెప్పాను, అప్పు గురించి హెచ్చరించాను. ఓటీ ఇరవై నాలుగు నెలలూ దొరకదని మాత్రం గట్టిగా చెప్పలేదు. ఆ ఏడాది నవంబరులో దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఉంది, పనులు జోరు మీదున్నాయి. నేను కూడా ఆ జోరునే లెక్కలోకి తీసుకున్నాను.

ఒక దేశం కనీస వేతనం పెడితే, ఇంకో దేశం రేటు తగ్గించింది

రెండు దేశాల జీతాలు పోల్చేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

ఖతర్ 2020 ఆగస్టులో కొత్త కనీస వేతనం ప్రకటించింది: బేసిక్ 1,000 రియాళ్లు, యజమాని తిండి పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500. 2021 మార్చి 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ దేశంవాడైనా, ఇళ్లలో పనిచేసేవాళ్లయినా ఇదే రేటు. గల్ఫ్‌లో దేశాన్ని బట్టి, పాస్‌పోర్టును బట్టి జీతం పలికే అలవాటు ఎంత పాతదో తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

సరిగ్గా ఆ మరుసటి నెల, 2020 సెప్టెంబరులో, మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు పోయే కార్మికులకు తాను సిఫారసు చేసే కనీస రేటును తగ్గించింది. ఖతర్‌కు 200 డాలర్లు. రియాల్‌కూ డాలరుకూ మారకం 3.64 దగ్గర స్థిరంగా కట్టి ఉంటుంది, కాబట్టి అది 728 రియాళ్లు. అవతలి దేశం వెయ్యికి తక్కువ ఇవ్వకూడదని చట్టం చేస్తే, మావాళ్లు 728కి కూడా వస్తారని మనం కాగితం మీద రాసిచ్చాం. కరోనాలో ఉద్యోగాలు పోకూడదని అన్నారు. దీని మీద తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జులైలో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకుని పాత రేట్లను నిలబెట్టారు. ఆ పది నెలల్లో సంతకాలు పెట్టి వెళ్లినవాళ్లలో కొందరి కాంట్రాక్టులు నేను చూశాను. తర్వాత రేటు పెరిగినా వాళ్ల కాగితం మారలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

రాజేశం ఈ విషయంలో అదృష్టవంతుడు. అతను పోయే నాటికి రెండువైపులా నేల గట్టిపడింది.

ఇంటి వైపు లెక్క: జమున నోటుబుక్కు

రాజేశం 2024 మార్చిలో తిరిగొచ్చాక మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. ఈసారి జమున కూడా వచ్చింది. సంచిలోంచి పిల్లవాడి పాత లెక్కల నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. అట్ట ఊడిపోయి ఉంది. ముందు పేజీల్లో పిల్లవాడి ఎక్కాలు. వెనక నుంచి తిప్పితే ఆమె రాత: తేదీ, పక్కన టిక్కు ఉంటే పని దొరికినట్టు, సున్నా ఉంటే అడ్డా మీద నిలబడి తిరిగొచ్చినట్టు, ఏమీ లేకపోతే పోనేలేనట్టు. భర్త వెళ్లకముందు ఏడాదంతా ఇలా రాసింది. "చిట్టీ కట్టేదానికి లెక్క దొరుకుతలేదని రాసిన అన్నా, ఇంక వేరే ఏం లేదు" అంది. ఆమెకు ఆ పుస్తకం విలువ తెలియదు. ఇన్నేళ్లలో ఏ సర్వే కాగితమూ నాకు ఇంత సాయం చేయలేదు.

టిక్కులు 214. సున్నాలు 70. కూలి రోజుకు 850. ఏడాదికి 1,81,900 రూపాయలు. నెలకు వేసుకుంటే పదిహేను వేల పైచిలుకు.

ఈ సున్నాల గురించి కాస్త చెప్పాలి. అడ్డా మీదికి ఉదయం ఏడింటికల్లా చేరాలి. మేస్త్రీల బండ్లు ఎనిమిదిన్నర లోపు వస్తాయి. తొమ్మిది దాటితే ఆశ సన్నగిల్లుతుంది, అయినా పదింటి దాకా ఎవరూ కదలరు, ఎందుకంటే ఎవరో ఒకరు సగం దినానికి పిలవవచ్చు. ఆ మూడు గంటలకు ఎవరూ పైసా ఇవ్వరు. ఆటోకు, చాయకు కలిపి నలభై రూపాయలు చేతినుంచే పోతాయి. ఆషాఢ శ్రావణాల్లో జమున పేజీలో ఒక వరుసలో ఐదు సున్నాలున్న వారం ఉంది. ఆ వారం పక్కన "బియ్యం బాకీ" అని రాసి ఉంది.

కాబట్టి పనిచేసిన గంటలు 1,712కు ఆ నిలబడ్డ గంటలు 210 కలిపాను. మొత్తం 1,922. రాబడిలోంచి 284 రోజుల దారి ఖర్చు 11,360, ఇంట్లో అతని తిండికి నెలకు 2,500 చొప్పున 30,000 తీసేశాను. ఖతర్ లెక్కలో తిండి తీసేస్తున్నప్పుడు ఇక్కడా తీయాలి కదా. మిగిలింది 1,40,540. గంటకు 73 రూపాయలు.

ఇంత చిన్న అంకె వస్తుందని రాజేశం అనుకోలేదు. "గంటకెంత అని ఎవలన్న అడుగుతరా సార్? దినానికెంత అనే అడుగుతరు" అన్నాడు. నిజమే. మన దగ్గర కూలి దినాలతోనే కొలుస్తాం. ఉపాధి హామీ కూడా దినం కూలే. తెలంగాణలో 2022–23లో అది 257 రూపాయలు, 2024–25లో 300. దినం అనే కొలతలో పొద్దున నిలబడ్డ మూడు గంటలు కనబడవు.

ఖతర్ వైపు లెక్క

అక్కడ రాజేశం ఉన్నది దోహా పక్కన ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో. మనవాళ్లు సనయ్య అంటారు. పని లుసైల్ వైపు సైటులో. బస్సులో పోను గంట, రాను గంట. ఈ రెండు గంటలు కాంట్రాక్టులో ఉండవు, జీతంలో ఉండవు, కానీ మనిషి ఆయుష్షులోంచి పోతాయి. 24 నెలలకు అవి పన్నెండు వందల గంటలు దాటాయి.

దోహా చేరగానే ఐడీ కార్డు చేతికి వచ్చేదాకా పదిహేను రోజులు పని లేదు, జీతమూ లేదు. 750 రియాళ్లు అక్కడ పోయాయి. ప్రపంచ కప్‌కు ముందు నెలల్లో ఓటీ నిండుగా దొరికింది. కప్ ముగిశాక సైట్లు చల్లబడ్డాయి, మనుషులను ఒకచోట నుంచి ఒకచోటికి మార్చారు. మొత్తం మీద పూర్తి ఓటీ దొరికింది 13 నెలలు. మిగతా 11 నెలలు ఉత్త 1,500.

నెల ఖర్చు: మెస్సుకు 350, ఫోన్ రీచార్జికి 50, సబ్బూ నూనె క్షవరం వగైరా 60, డబ్బు పంపే చార్జీ 15. మొత్తం 475 రియాళ్లు. కంపెనీ ఇచ్చిన 300 తిండికే చాలలేదు. ఏజెంటు చెప్పిన "తిండి కంపెనీదే" అన్న మాట ఇక్కడ కరిగిపోయింది. ఓటీ ఉన్న నెల మిగిలేది 1,350, లేని నెల 1,025.

చివర్లో రావలసినవి రెండు. ఏడాదికి మూడు వారాల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ, అంటే రెండేళ్లకు 1,680. అంతే మొత్తం వాడుకోని సెలవుల జీతం. కంపెనీ గ్రాట్యుటీ ఒక్కటే వేసి సెటిల్‌మెంటు కాగితం మీద సంతకం పెట్టమంది. రాజేశం ఆ కాగితం ఫోటో తీసి రాత్రి నాకు వాట్సాప్‌లో పంపాడు. సెలవు జీతం వరుస ఖాళీగా ఉంది. లెక్క రాసి పంపి, సంతకం పెట్టకుండా ఇది అడుగు, ఇవ్వకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు పెడతానని మర్యాదగా చెప్పు అన్నాను. విమానం ఎక్కడానికి ముందురోజు డబ్బు ఖాతాలో పడింది. అడిగితే వచ్చింది. అడగకపోతే 1,680 రియాళ్లు, మన లెక్కన ముప్పై ఆరు వేల పైన, అక్కడే ఉండిపోయేది. సెటిల్‌మెంటు కాగితం చదవకుండా సంతకం పెట్టి వచ్చినవాళ్లు మా జిల్లాలో వేలల్లో ఉంటారని నా నమ్మకం.

అన్నీ కలిపితే 31,435 రియాళ్లు. రాజేశం పోయినప్పుడు రియాల్‌కు దాదాపు 21 రూపాయలు, వచ్చేనాటికి దాదాపు 23. జీతం పెరగలేదు, రూపాయి తగ్గింది, ఇంటికొచ్చే సొమ్ము పెరిగినట్టు కనబడింది. సగటున 22 వేసుకుంటే 6,91,570 రూపాయలు.

ఇప్పుడు అప్పు. ఏజెంటుకు 1,10,000, పాస్‌పోర్టు, ప్రయాణాలు, బట్టలు కలిపి 10,000. మొత్తం 1,20,000, నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి (వడ్డీకి). మొదటి మూడు నెలలు మిత్తి మాత్రమే కట్టగలిగారు. తర్వాత పన్నెండు నెలల్లో నెలకు పదివేల చొప్పున అసలు తీర్చారు. మిత్తి మొత్తం 22,800. అంటే ఖతర్ పోవడానికి అయిన ఖర్చు 1,42,800.

మిగిలింది 5,48,770. దీనికి అయిన గంటలు: పని 5,564, బస్సు 1,222. మొత్తం 6,786. గంటకు 81 రూపాయలు.

ఇక్కడ 73. అక్కడ 81.

ఈ రెండు అంకెలు బల్ల మీద పక్కపక్కన రాశాక ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత జమునే అంది: "అంటే అన్నా, గీ ఎనిమిది రూపాయల కోసమా పిల్లలను ఇడిసి పోయింది?"

ఆ ఎనిమిది రూపాయలను ఎలా చదవాలి

ఆమెకు నేను చెప్పిన జవాబు ఇక్కడా రాస్తాను, ఎందుకంటే ఈ అంకెను తప్పుగా చదివే ప్రమాదం ఉంది. ఖతర్ దండగ అని ఈ లెక్క చెప్పడం లేదు. పోవడానికి ముందు ఒక నెల, వచ్చాక ఒక నెల ఖాళీగా పోయాయి కాబట్టి 26 నెలలు వేసుకుందాం. ఆ 26 నెలలు అడ్డా మీదే ఉంటే మిగిలేది మూడు లక్షల పైచిలుకు. ఖతర్ వల్ల మిగిలింది ఐదున్నర లక్షలు. తేడా దాదాపు రెండు లక్షల నలభై వేలు. ఆ డబ్బు నిజం. దానితోనే వాళ్లు పాత బాకీలు తీర్చారు, ఇంటికి స్లాబు వేసుకున్నారు.

కానీ ఆ తేడా ఎక్కువ రేటు వల్ల రాలేదు. ఎక్కువ గంటల వల్ల వచ్చింది. ఇక్కడ రాజేశానికి పని దొరికింది, నిలబడింది కలిపి నెలకు 160 గంటలు. అక్కడ ప్రయాణంతో సహా 283. డబ్బు ఎన్ని రెట్లు పెరిగిందో, గంటలూ దాదాపు అన్ని రెట్లే పెరిగాయి. ఖతర్ అతనికి ఇచ్చింది పెద్ద కూలి కాదు, తెగని పని. వానాకాలంలోనూ, పండక్కీ, పీడకీ నెల తిరిగేసరికి ఖాతాలో పడే జీతం. మన పల్లెల నుంచి మనుషులను లాగుతున్నది రియాల్ కాదు, ఆ నోటుబుక్కులోని డెబ్బై సున్నాలు.

ఇంకో లెక్క కూడా వేసి చూపించాను. భారత ప్రభుత్వ నిబంధన ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోవలసింది గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రాజేశం దగ్గర తీసుకున్నది లక్షా పదివేలు, ఇచ్చిన రసీదు మాత్రం 35,400కే. ఏజెంటు చట్టప్రకారం మాత్రమే తీసుకుని ఉంటే అప్పు, మిత్తి కలిపి దాదాపు 89 వేలు మిగిలేవి. అప్పుడు గంట లెక్క 94 రూపాయలు. అంటే ఖతర్‌కూ జగిత్యాలకూ మధ్య గంటకు 21 రూపాయల తేడా ఉండాల్సింది, అందులో 13 రూపాయలు దోహాలో కాదు, ఇక్కడే, మన ఊళ్ల మధ్యే ఏజెంటుకూ వడ్డీ వ్యాపారికీ పోయాయి. గల్ఫ్ కష్టాల గురించి మాట్లాడేటప్పుడు అందరి వేలూ అటువైపే చూపిస్తుంది. ఈ కేసులో పెద్ద చిల్లు ఇంటి దగ్గరే పడింది.

పని స్థితి: చట్టంలో ఒకటి, స్లాబు మీద ఒకటి

జీతం అంకెల్లో దొరుకుతుంది, పని స్థితి దొరకదు. అందుకే రాజేశాన్ని ఒక పూట కూర్చోబెట్టి ఒక్కో విషయం రెండుచోట్లా ఎలా ఉందో చెప్పించాను.

ఎండ గురించి నేనడగకముందే మొదలుపెట్టాడు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట ఎండలో పని నిషేధం. 2021లో వచ్చిన నిబంధన ఇది. అంతేకాదు, ఉక్కతో కలిపి కొలిచే వేడి 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాలి. సైటు దగ్గర ఆ కొలిచే పరికరం ఉండేదట, రంగు జెండా మారితే నీడకు పోయేవాళ్లట. దాని వెల కూడా చెప్పాడు. ఎండాకాలంలో రెండున్నరకే లేచి, మూడింటికి బస్సెక్కి, తెల్లవారకముందే ఇనుము కట్టడం మొదలుపెట్టాలి. "నిద్ర సాలకపోయేది సార్. గని ఇనుము సల్లగుండేది." మే నెలలో జగిత్యాలలో పదకొండు గంటలకు 12 ఎంఎం చువ్వ పట్టుకుంటే అరచేయి బొబ్బలెక్కుతుంది. ఇక్కడ ఎండకు పని ఆపమని మేస్త్రీకి చెప్పేవాడే లేడు. తలకు తువాల, కాళ్లకు స్లిప్పర్లు, చేతిలో వైరు తిప్పే హుక్కు. అంతే సరంజామా.

అక్కడ హెల్మెట్, బూట్లు, గ్లౌజులు, ఎత్తుకు పోతే నడుముకు బెల్టు. బెల్టు కొక్కెం తగిలించకపోతే సేఫ్టీవాడు పేరు రాసుకునేవాడు. మొదట్లో అది విసుగనిపించిందట. తర్వాత మూడో అంతస్తు నుంచి జారిన ఒక నేపాలీ కుర్రాడు బెల్టుకు వేలాడి బతకడం కళ్లారా చూశాడు. రాజేశం పోకముందు ఏడాది, ఇక్కడ అతని జతగాడు రెండో అంతస్తు స్లాబు సెంట్రింగ్ మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కాంట్రాక్టరు మొదటిరోజు ఆసుపత్రిలో ఐదువేలు కట్టి వెళ్లినవాడు మళ్లీ కనబడలేదు. ఆ జతగాడి లేబర్ కార్డు రెన్యువల్ కాలేదు, అందుకే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సాయం అందలేదు.

నా మనసును ఎక్కువ కలచేది ఇదే. కాగితం మీద చూస్తే మన చట్టం ఖతర్ చట్టంకంటే చాలా చోట్ల ఉదారమైనది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వమంది. ఖతర్ చట్టం పావు వంతే ఎక్కువ ఇవ్వమంటుంది. కానీ పదమూడేళ్లలో రాజేశానికి అడ్డా పని మీద ఒక్కసారి కూడా ఓటీ రెట్టింపు రాలేదు. స్లాబు పోసే రోజు రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటే వంద రూపాయలు, బిర్యానీ పొట్లం. ఖతర్‌లో పావు వంతైనా పేస్లిప్పులో రాసి ఖాతాలో పడింది, ఎందుకంటే అక్కడ జీతాలు బ్యాంకు ద్వారానే పోవాలి, గడువు దాటిన ఏడు రోజుల్లో పడకపోతే ప్రభుత్వ వ్యవస్థలో కనబడుతుంది. గ్రాట్యుటీ మన దగ్గర సాధారణంగా ఐదేళ్లు ఒకే యజమాని దగ్గర చేసినవాడికి, అక్కడ ఏడాది నిండితే చాలు. రోజుకో మేస్త్రీ మారే అడ్డా కూలీకి ఐదేళ్ల మాట ఎండమావే.

అట్లాగని అంతా అటే మొగ్గలేదు. రాజేశం ఒక మాట అన్నాడు, దాన్ని ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు. "ఈడ మేస్త్రీ తిడితే సాయంత్రం కూలి తీస్కొని తెల్లారి ఇంకోని దగ్గరికి పోతం. ఆడ అట్ల పోరాదు." ఖతర్ 2018లో మామూలు కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం విడిచి రావడానికి యజమాని ఇవ్వాల్సిన అనుమతి, తీసేసింది. 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని అనుమతి పత్రం అక్కర్లేదని చట్టం చేసింది. రాజేశం రూములో ఒకతను అలా మారబోయాడు. కాగితం అక్కర్లేదు సరే, కానీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఫోర్‌మన్ అతనికి ఓటీ ఇవ్వడం మానేశాడు. చట్టం తలుపు తీసింది, గుమ్మం దగ్గర ఫోర్‌మన్ నిలబడ్డాడు. అది చూసి రాజేశం మారే ఆలోచన మానుకున్నాడు.

ఇంక ఇల్లు. జమున లెక్కలో ఉన్నా నా లెక్కలో లేని వరుసలు కొన్ని ఉన్నాయి. అర ఎకరం కౌలుకిచ్చారు. అత్తగారికి జ్వరమొస్తే ఆసుపత్రికి ఆటో, పిల్లవాడి స్కూలు మీటింగు, అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే జవాబు, అన్నీ ఆమె మీదే పడ్డాయి. ఆ నెలల్లో ఆమె చుట్టిన బీడీలు తగ్గాయి. రాజేశం తండ్రి పోయినప్పుడు అతను రాలేకపోయాడు; టికెట్టు పెట్టుకుంటే మూడు నెలల అప్పు కిస్తీ ఆగుతుంది. తలకొరివి తమ్ముడు పెట్టాడు. వీడియో కాల్‌లో చూశాడు. దీనికి గంటకెంత అని నేను లెక్క కట్టను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరు కాంట్రాక్టు తెచ్చినా ముందు నెల జీతం గడి మూసేస్తాను. బేసిక్ ఎంత, గంటలెన్ని, క్యాంపుకూ సైటుకూ దూరమెంత అని అడుగుతాను. ఓటీని సగం నెలలకే వేస్తాను. హైదరాబాద్‌లో ఖతర్ వీసా సెంటర్‌కు వేలిముద్రలకూ వైద్య పరీక్షకూ పోయినప్పుడు అక్కడ సంతకం పెట్టే కాంట్రాక్టులో బేసిక్ అంకె, ఏజెంటు చెప్పిన అంకె ఒకటేనా అని చూసుకోమంటాను. తేడా ఉంటే వెనక్కి రావడానికి అదే చివరి చోటు. విమానం దిగాక కాదు.

ఇంటివైపు లెక్క కూడా అంతే జాగ్రత్తగా వేయిస్తున్నాను. మనుషులు తమ ఊరి సంపాదనను ఎప్పుడూ ఎక్కువగానో తక్కువగానో చెబుతారు, సరిగ్గా చెప్పరు. మూడు నెలలు టిక్కులూ సున్నాలూ రాసుకుని రండి అంటాను. కొందరు మళ్లీ రారు. వచ్చినవాళ్లలో ఇద్దరు పోవడం మానుకున్నారు. ఒకరు లేబర్ కార్డు రెన్యువల్ చేయించుకుని, కరీంనగర్‌లో ఒకే బిల్డరు దగ్గర నెలవారీ పనిలో కుదిరారు. అతనికి అడ్డా సున్నాలు పోయాయి, అది చాలింది.

రాజేశం మళ్లీ పోయాడు. నేను వద్దనలేదు. ఈసారి ఏజెంటు లేడు. పాత ఫోర్‌మన్ కొత్త కంపెనీలో చేరి, పనితనం తెలుసు కాబట్టి పేరు చెప్పాడు. కంపెనీయే వీసా, టికెట్టు పెట్టుకుంది. బేసిక్ 1,300. కొత్త లెక్కలో గంటకు ఎంతొస్తుందో జమున నాకంటే ముందే వేసి చూసింది.

ఇప్పుడు ఆమె కొత్త నోటుబుక్కు కొన్నది. అందులో మూడు గళ్లు గీసింది: ఖాతాలో పడిన రియాళ్లు, ఓటీ గంటలు, బస్సు గంటలు. నెల తిరగ్గానే ఆ పేజీ ఫోటో నాకు పంపుతుంది. పోయిన నెల ఓటీ గడిలో 31 అని ఉంది. కింద పెన్సిలుతో రాసింది: "పేస్లిప్పుల 27 ఏసిన్రు. అడగమని చెప్పిన."